'మా విలేకరి' అడిగిన వీసా

కోరుట్లలో బస్టాండుకు ఎదురుగా, మేడమీద ఒక గల్ఫ్ ఏజెంటు ఉండేవాడు. మా ప్రాంతంలో వీసా అన్న మాట ఎవరి నోట వచ్చినా ఆ మెట్లు ఎక్కవలసిందే. నేనూ ఎక్కాను. బెంచీల మీద కూర్చున్నవాళ్ళంతా మస్కట్‌కో దుబాయికో పోయేవాళ్ళు. తాపీ మేస్త్రీలు, కల్లుకు తాటిచెట్లెక్కడం మానుకున్నవాళ్ళు, బావులెండిపోయిన రైతులు. ఏజెంటు నా కాగితాలు తిరగేసి, నా నెరిసిన తల వంక చూసి, మళ్ళీ కాగితాల వంక చూశాడు.

"కొడుకుకా సార్?"

"నాకే."

"స్టూడెంటు వీసా?"

"అవును."

"ఎన్నేండ్లు మీకు?"

"నలభై మూడు."

అతను కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. "గట్లయితే ఒక పని జేద్దాం. ఓ పదేండ్లు తగ్గిద్దాం."

"తగ్గించుడెట్ల? సర్టిఫికెట్లున్నయి గద."

"నా తాన నలభై దాటినోడు ఇంతవరకు ఒక్కడు గూడ పోలేదు సార్. మా ఊర్ల తండ్రికొడుకులు పాస్‌పోర్టుల అన్నదమ్ములున్నట్టు ఉంటరు."

బెంచీ మీద గోడకు ఆనుకుని కూర్చున్న ఒక పెద్దమనిషి అందుకున్నాడు. "నాకు ముప్పై ఐదు గిప్పుడు. నా పెద్దబిడ్డ నాకంటె రొండేండ్లే చిన్నది." అందరూ నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. వయసు తగ్గించుకోవడం అక్కడ మోసం కింద లెక్కకాదు. ప్రయాణానికి ముందు క్షవరం చేయించుకున్నట్టు, అదొక పని.

నాకు ఆ పని కుదరదని తెలిశాక ఏజెంటు కాగితాలు పక్కన పెట్టి, సొంత మనిషితో మాట్లాడినట్టు చెప్పాడు. "గల్ఫోడు నీకు బలముందా అని అడుగుతడు సార్. మీ ఇంగ్లండోడు మల్ల పోతవా లేదా అని అడుగుతడు. పిల్లగాడైతె చదువుకుంట అంటే నమ్ముతడు. మీ ఈడు మనిషి చదువుకుంట అంటే ఎవ్వడు నమ్మడు. దాక్కుంటానికి వచ్చిండు అనుకుంటడు. గీ ఇరవై ఏండ్లు మీరేం జేసిన్రో కాగితం కావాలె. గది లేకుంటె ఇంటికాన్నే ఉండుర్రి."

అతను చెప్పింది నిజమే. ఇంగ్లండులోని ఒక విశ్వవిద్యాలయం, జిల్లాల్లో పనిచేసే పత్రికలవాళ్ళ కోసం పెట్టిన ఏడాది కోర్సులో నాకు సీటిచ్చింది. ఖర్చంతా వాళ్ళదే. ఇంగ్లీషు పేపర్లో ఆ ప్రకటన చూసి దరఖాస్తు రాసి సొరుగులో పడేసింది నేను. దాన్ని తీసి పోస్టు చేసింది మా ఆవిడ. ఆమె గొల్లపల్లిలో టీచరు. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేది. నేను ఎప్పుడు పోయి ఎప్పుడు వస్తానో నాకే తెలియని రోజులవి. సీటు వచ్చిందని ఉత్తరం చూపిస్తే ఆమె అన్నమాట ఒక్కటే. "ఏడాదన్నా నువ్వు ఎక్కడున్నవో నాకు ఎర్కుంటది." ఆ మాట తర్వాత వెనక్కి తగ్గడానికి నాకు దారి లేదు. తగ్గాలని మాత్రం రోజుకోసారి అనిపించేది.

ఇరవై ఏళ్ళు ఏం చేశానో కాగితం కావాలి. చేసింది వార్తలు రాయడం. జగిత్యాల నుంచి ఒక తెలుగు దినపత్రికకు కంట్రిబ్యూటర్‌ని. మాకు జీతం ఉండదు, అచ్చయిన మేరకు కొలిచి ఇచ్చేదే. మధ్యాహ్నానికి వార్తలు రాసి కవర్లో పెట్టి కరీంనగర్ బస్సు డ్రైవరు చేతికిస్తే, అక్కడ మా పత్రిక మనిషి తీసుకునేవాడు. బస్సు తప్పిపోతే ఆ రోజుకు జగిత్యాలలో ఏమీ జరగనట్టే. నాకొక గుర్తింపు కార్డు ఉండేది. దాని ముందువైపు నా ఫోటో. వెనకవైపు, ఈ కార్డు గల వ్యక్తి మా సంస్థ ఉద్యోగి కాదు అని ముద్ర. సర్టిఫికెట్ ఇమ్మని కరీంనగర్ పోయి అడిగితే, డెస్కులో పెద్దాయన కార్డు తిప్పి ఆ వెనకవైపు నాకే చూపించాడు. మంచిమనిషే. "ఇస్తే రేపు అందరికీ ఇవ్వాలి కదండీ" అని టీ తెప్పించాడు.

పోనీ అచ్చయిన వార్తలైనా చూపిద్దామంటే, వాటి మీద నా పేరు లేదు. ఆ రోజుల్లో మా వైపు ఎవరూ పేరు వేసుకునేవాళ్ళు కాదు. వార్త ఒకవైపు వాళ్ళకు నచ్చితే రెండోవైపు వాళ్ళకు నచ్చదు. పొద్దున పోలీసు జీపు వచ్చి ఇంటిముందు ఆగవచ్చు. లేదా పొలం గట్టు మీద నక్సలైట్ల మనిషి ఎవరో ఎదురై, అన్నలు రమ్మంటున్నరని చెప్పవచ్చు. అందుకని 'మా విలేకరి' అని వేసేవారు. మరీ ఇబ్బందైన వార్తయితే ఊరి పేరు కూడా మార్చేవారు. బీర్పూర్ వైపు అడవి అంచున జరిగినదాన్ని నేను కళ్ళారా చూసి వచ్చి జగిత్యాలలో కూర్చుని రాస్తే, అది కరీంనగర్ నుంచి వచ్చిన వార్తగా అచ్చయ్యేది. ఆ ఏర్పాటు నేను అడిగి చేయించుకున్నదే. అది నన్ను ఇన్నేళ్ళు కాపాడిందనే నమ్మకంలో ఉన్నాను. ఇప్పుడు ఆ నమ్మకమే అడ్డం వచ్చింది.

ఏజెంటే ఉపాయం చెప్పాడు. వార్తలు కత్తిరించి అంటించి, ఇవి రాసింది నేనేనని అఫిడవిట్ చేయించి, నోటరీ ముద్ర వేయించమన్నాడు. ఇంటికొచ్చి ఇనుప పెట్టెలోంచి పాత కత్తిరింపులు తీసి నేలమీద పరిచాం. మా ఆవిడ కూర్చుని రెండు కుప్పలు చేసింది. ఒక కుప్పలో పసుపు ధరలు, మామిడి తోటలు, వానలు పడకపోవడం, సిరిసిల్ల సాంచెల సమ్మె, కప్పు లేని బడులు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. రెండో కుప్పలో ఎన్‌కౌంటర్లు, మందుపాతరలు, ఇన్‌ఫార్మరని చంపి రోడ్డు మీద పడేసినవాళ్ళు, కొడుకు శవం కోసం ఆసుపత్రి ముందు కూర్చున్న తల్లులు. రెండో కుప్ప ఎత్తుగా ఉంది.

"గివి వద్దు" అంది ఆమె, రెండో కుప్ప మీద అరచెయ్యి పెట్టి.

"నేను రాసిన వాటిల్ల మంచివి గవే గద."

"మంచివే. గవి చదివినోడు నువ్వు మల్ల గీ ఊరికి వస్తవంటే నమ్ముతడా? నేను గూడ నమ్మ."

ఆమె చెప్పింది అర్థమైంది. పనిమంతుణ్ణని చెప్పాలంటే రెండో కుప్ప కావాలి. తిరిగి వస్తానని చెప్పాలంటే ఆ కుప్ప ఉండకూడదు. మొదటి కుప్ప ఒక్కటే చూపిస్తే, పసుపు ధరలు రాసుకునే మనిషికి ఈ వయసులో ఇంగ్లండులో ఏం చదువని అడుగుతారు. ఎటూ తేలలేదు. తెల్లవారి రెండు కుప్పలూ సంచిలో పెట్టుకునే బస్సెక్కాను.

జగిత్యాల కోర్టు ముందే నోటరీలు, టైపిస్టులు ఉన్నారు. అక్కడ చేయిస్తే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. సిరిసిల్లకు వార్తల కోసం పోయివస్తున్నా, అక్కడ నన్ను ఎరిగినవాళ్ళు తక్కువని నా లెక్క. వేములవాడ దగ్గరపడేదాకా బాగానే పోయింది. అక్కడికి కొంచెం ఇవతల బస్సు ఆపి పోలీసులు తనిఖీ మొదలుపెట్టారు. ఆ కాలంలో అది మామూలే. మగవాళ్ళందరం దిగి వరసలో నిలబడాలి. సంచీలు తెరిచి చూపించాలి. ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు నిలబడ్డాను కాని, సంచిలో అవన్నీ పెట్టుకుని ఎప్పుడూ లేను. కానిస్టేబులు చెయ్యి పెట్టి పైకి తీసినది రెండో కుప్పే. ఒక కత్తిరింపు చదివాడు. ఇంకోటి చదివాడు.

"ఏందివి?"

"పేపరు ముక్కలు."

"గది కనవడ్తనే ఉంది. గివన్ని ఎందుకు జమ జేసినవ్?"

"వీసాకు."

"దుబాయా?"

"ఇంగ్లండు. చదువుకు."

"ఎవలు చదువుతరు? కొడుకా, బిడ్డనా?"

"నేనే."

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. తర్వాత జీపు వైపు తిరిగి, ఇంకో కానిస్టేబుల్ని పిలిచాడు. "అన్నా, గీడికి రా. గీ సారు కాలేజీల జేరుతడట."

ఆ రెండో అతను వచ్చి, "హాస్టల్ల ఉంటవా సారూ?" అని అడిగాడు. వరసలో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. భయంతో బిగుసుకుని నిలబడ్డవాళ్ళకు నవ్వడానికి ఒక కారణం దొరికింది. కత్తిరింపులు నా సంచిలోకి తిరిగి వచ్చాయి. అవి ఎవరు రాశారో మాత్రం ఎవరూ అడగలేదు. బస్సు కదిలాక సంచి ఒళ్ళో పెట్టుకుని కత్తిరింపులు మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. నవ్వి వదిలేశారా, వదిలేయడానికి నవ్వారా అన్న అనుమానం సిరిసిల్ల దాకా వచ్చింది.

సిరిసిల్ల కోర్టు బయట, రేకుల పంచ కింద నోటరీ వకీలు, అతని పక్కన టైపిస్టు. వీధి అవతల సాంచెల చప్పుడు ఎడతెగకుండా వస్తూనే ఉంది. అక్కడివాళ్ళు ఆ చప్పుడు లేనట్టే మాట్లాడుకుంటారు. మనమే అరిచి చెప్పవలసి వస్తుంది. నేను బస్సులోనే నిర్ణయానికి వచ్చేశాను. మొదటి కుప్ప మాత్రమే ఇచ్చి, ఈ కింది వార్తలు రాసినది నేనేనని టైపు చేయమన్నాను. టైపిస్టు కాగితం ఎక్కిస్తూ కత్తిరింపులు ఒక్కొక్కటే చూశాడు. కుర్రవాడు కాదు, నా ఈడువాడే, పద్మశాలీ. సాంచెల సమ్మె వార్త దగ్గర ఆగాడు.

"గిది మా వాడకట్టుది సార్. మంచిగ రాసిన్రు." తర్వాత సంచి వంక చూశాడు. "ఇంతేనా సార్? బీర్పూర్ కాడివి లేవా?"

"ఏ బీర్పూరు?"

"మీరు రాసినయి. అడవి అంచుల ఆ ముసలామెది. నాలుగు దినాలు మా హోటల్ల గదే ముచ్చట."

ఆ వార్త కరీంనగర్ పేరుతో అచ్చయింది. నేను చప్పుడులో సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. "అది నేను రాసిన్నని ఎవరు చెప్పిన్రు?" అని అడిగాను.

టైపిస్టు నోటరీ వంక చూశాడు. నోటరీ నా వంక చూశాడు. ఇద్దరిలో ఎవరికీ ఆ ప్రశ్న అర్థమైనట్టు లేదు.

"చెప్పుడేంది సార్" అన్నాడు టైపిస్టు. "మీరు గీ బస్టాండుల దిగిన తెల్లారి పేపర్ల సిరిసిల్ల ఉంటది. మీరు రాని వారం సిరిసిల్లనే ఉండది. జగిత్యాలోళ్ళు గూడ గట్లనే చూస్తరు, ఆ ముచ్చట మా దాక వస్తది. ఎవలు ఏడికి పోతున్నరో, తెల్లారి ఏమొస్తదో చూస్తలేరా జనం?"

నోటరీ వకీలు ముద్ర సిరాలో అద్దుతూ కలిపాడు. "పేరెందుకండి మీకు. మీరు కెమెరా సంచి ఏసుకొని బీర్పూర్ బస్సెక్కుతరు గద, గదే పేరు."

అఫిడవిట్ మీద సంతకం చేశాను. ముద్ర పడింది. బయటికి వచ్చి ఏ బస్సు ఎక్కాలో తోచక సాంచెల వీధుల్లో ఊరికే తిరిగాను. ఇన్నాళ్ళు నేను దాక్కున్నది ఎవరి కళ్ళ నుంచో అర్థం కాలేదు. హోటల్లో టీ తాగేవాళ్ళకు తెలిస్తే ఠాణాకు తెలియదా? అడవిలో ఉన్నవాళ్ళకు తెలియదా? తెలిసి కూడా ఇన్నేళ్ళు నా జోలికి రాలేదంటే, నా రాతల్లో వాళ్ళకు తగిలేదేదీ లేదా? లేక చూసిందే రాస్తాడు, పోనీ అనుకున్నారా? మొదటిది అనుకుంటే అవమానంగా ఉంది. రెండోది అనుకుంటే, ఆ 'పోనీ' ఏ రోజున ఆగిపోతుందో ఎవరు చెప్పగలరు? ఒక మగ్గం షెడ్డు ముందు నిలబడి లోపలికి చూస్తుంటే, పనిచేస్తున్న మనిషి తల ఎత్తి, "రేపు పేపర్ల వస్తమా సార్?" అని కేకేశాడు.

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెయ్యి ఆపలేదు.

"నాకెర్కే" అంది.

"ఏం ఎర్క?"

"అందరికి ఎర్కని. మా బళ్ళె అటెండరు గూడ అడుగుతది, ఇయ్యాల సారు ఎటువోయిండు, రేపు ఏం రాస్తడు అని."

"మరి నాకు చెప్పలేదేంది?"

"చెప్తే నీకు నిద్ర పట్టది. ఇద్దరికి పట్టకుంటే ఎట్ల? ఒక్కరన్న పండుకోవాలె గద ఇంట్ల."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అది నాకు ఇంకా కష్టంగా ఉంది. నేను ఆలస్యంగా వచ్చిన ప్రతిసారీ తలుపు మొదటి తట్టుకే తెరుచుకునేది. ఆమె నిద్ర తేలిక అనుకునేవాణ్ణి. వీసా ఎవరికి కావాలో ఆ రోజు నాకు సరిగ్గా తెలిసింది.

మద్రాసుకు అఫిడవిట్, మొదటి కుప్ప మాత్రమే తీసుకుపోయాను. వీసా ఆఫీసు బయట వరసలో నా ముందూ వెనకా ఇరవై దాటని పిల్లలు. ఒకడి తండ్రి నన్ను చూసి, "మీ అబ్బాయి లోపలికి వెళ్ళాడా?" అని అడిగాడు. అవునన్నాను. లోపల అద్దానికి అవతల కూర్చున్న అధికారిణి నాకంటే చాలా చిన్నది. మర్యాదగా మాట్లాడింది. నా ఇంగ్లీషు చదివి నేర్చుకున్నది. పలకడం అలవాటు లేదు. ప్రతి వాక్యం ముందు లోపల రాసుకుని తర్వాత బయటికి తీయవలసి వచ్చేది.

ఈ వయసులో ఎందుకు చదువు అని అడిగింది. నాకెవరూ ఈ పని నేర్పలేదు, చూసి రాశాను, తప్పో ఒప్పో తెలుసుకోవాలని ఉందన్నాను. ఆమె కత్తిరింపులు తిరగేసింది. తెలుగు రాదు కాని, నేను రాసిపెట్టిన ఇంగ్లీషు సారాంశాలు చదివింది.

"మీది కరీంనగర్ జిల్లా కదా" అంది. "నేనూ పేపర్లు చదువుతాను. మీ దగ్గర పసుపు, మామిడి తప్ప ఇంకేమీ జరగలేదా?"

నేను లోపల రాసుకుంటున్న వాక్యం ఆగిపోయింది. "జరిగాయి" అన్నాను.

"అవి ఎవరు రాశారు?"

"నేనే. అవి ఇంట్లో ఉన్నాయి."

"ఎందుకు తేలేదు?"

"అవి చూస్తే నేను తిరిగి వెళ్ళనని మీరు అనుకుంటారని."

ఆమె పెన్ను కింద పెట్టింది. "అనుకోవద్దా? ప్రమాదం ఉన్న చోటికి మనిషి ఎందుకు తిరిగి వెళ్తాడు?"

ఇంటి దగ్గర ఈ ప్రశ్నకు జవాబులు చాలా తయారు చేసుకున్నాను. భార్య ఉద్యోగం, ఇల్లు, భూమి. ఏవీ గుర్తు రాలేదు. నోటికి వచ్చింది చెప్పాను. మా ఊళ్ళో వార్త మీద నా పేరు వేయరు, అయినా అది నేను రాశానని అందరికీ తెలుసు. మీ దేశంలో పెద్ద అక్షరాలతో నా పేరు వేసినా నేనెవరో ఎవరికీ తెలియదు. ఈ వయసులో కొత్తగా పేరు సంపాదించుకునే ఓపిక నాకు లేదు. ఇంగ్లీషులో ఇది ఇంత సాఫీగా రాలేదు. రెండుచోట్ల ఆగాను, క్రియలు తప్పాను.

"అందరికీ అంటే? మిమ్మల్ని బెదిరించేవాళ్ళకు కూడానా?"

"వాళ్ళకు కూడా. ఆ సంగతి నాకు ఈమధ్యే తెలిసింది."

ఆమె నవ్వలేదు. నమ్మినట్టూ కనిపించలేదు. ఏదో రాసుకుంది, చాలాసేపు. సాయంత్రం నాలుగింటికి రమ్మంది. ఆ మధ్యలో నేను ఎక్కడా కూర్చోలేదు. మౌంట్ రోడ్డు వెంట పోయి, తిరిగి వచ్చి, మళ్ళీ పోయాను. ఇవ్వకపోతే బాగుండునని ఒక పది అడుగులు, ఇస్తే బాగుండునని ఇంకో పది అడుగులు. ఇస్తే, నేను లేని ఏడాది బీర్పూర్ బస్సు ఎవరు ఎక్కుతారు? ఇవ్వకపోతే, మా ఆవిడకు ఏం చెప్పాలి?

నాలుగింటికి పాస్‌పోర్టు చేతికిచ్చారు. ముద్ర ఉంది. పన్నెండు నెలలు.

జగిత్యాలలో మా వీధి మూలన మందుల దుకాణంలో ఫోను ఉండేది. మద్రాసులో ఎస్టీడీ బూత్ నుంచి చేస్తే, దుకాణం ఆయన మనిషిని పంపి మా ఆవిడను పిలిపించాడు. ఆమె వచ్చేదాకా లైను పట్టుకుని నిలబడ్డాను. అవతల ఎవరో దగ్గు మందు అడుగుతున్నారు.

"ఏమాయె?" అంది, ఆయాసంతో.

"ఇచ్చిండ్రు."

అవతల దుకాణం ఆయన దగ్గు మందుకు చిల్లర లెక్కపెడుతున్నాడు.

"ఎన్ని దినాలకు?"

"ఏడాదికి."

"అయితే ఏడాది మంచిగ పండుకుంట" అంది. తర్వాత, దుకాణంలో వాళ్ళకు వినపడకుండా గొంతు తగ్గించి, "నువ్వు వచ్చినంక మల్ల మేల్కోని కూసుంట తియ్యి" అంది.